నూరు రూపాయల బొగ్గులో ఊరి వాటా ఎంత?

దసరా దగ్గర పడిందంటే గోదావరిఖనిలో ఏ చాయ్ దుకాణం దగ్గర చూసినా ఒకటే ముచ్చట: ఈసారి లాభాల వాటా ఎంత శాతం? 2025లో సింగరేణి బొగ్గు గనుల సంస్థ పంపకానికి చూపిన లాభం 2,360 కోట్లు. అందులో కార్మికులకు 34 శాతం ప్రకటించారు, అంటే సుమారు 802 కోట్లు. ఒక్క శాతం పెరిగితే తన చేతికి ఎంత వస్తుందో బాయి దిగే ప్రతి కార్మికుడూ లెక్క కట్టగలడు. అదే బొగ్గు మీద బతికే ఊరికి, అంటే రామగుండం నగరపాలక సంస్థకు, వాటా ఎంత అని అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఆ లెక్క తెలియకుండా మోరీల గురించీ రోడ్ల గురించీ బల్దియాను ఎంత నిలదీసినా అది సగం పోరాటమే.

ముందు బొగ్గు సంగతి. నూరు రూపాయల ధర పలికే బొగ్గు మీద రాయల్టీ 14 రూపాయలు. 2012 నుంచి ఇదే రేటు. ఆ సొమ్ము రాష్ట్ర ఖజానాకు పోతుంది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే, రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం, అంటే 4 రూపాయల 20 పైసలు, అదనంగా జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు కట్టాలి. మరికొంత ఖనిజాల అన్వేషణ కోసం ఉన్న జాతీయ ట్రస్టుకు. నగరపాలక సంస్థ ఖాతాలో నేరుగా పడేది సున్నా.

ఫౌండేషన్ సొమ్ము గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాల కోసమే పుట్టింది. తాగునీరు, ఆరోగ్యం, కాలుష్య నివారణ వంటి అగ్ర ప్రాధాన్య పనులకు కనీసం 60 శాతం ఖర్చు చేయాలని 2015 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. కానీ ఆ నిధికి అధ్యక్షుడు కలెక్టర్, మేయర్ కాదు. ఓపెన్‌కాస్ట్ గని (ఓసీపీ) దుమ్ము పీల్చే కాలనీకి ఆ డబ్బు కావాలంటే బల్దియా ప్రతిపాదన పంపి ఎదురుచూడాలి. ఇది నాకు న్యాయంగా అనిపించదు.

మరి సొంత ఆదాయం? ప్రధానమైనది ఆస్తి పన్ను. 2019 పురపాలక చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో, ఒక అంతస్తు దాటని ఇంటికి ఏడాదికి 100 రూపాయలే. పేదవాడికి ఇది మంచి ఊరట, దాన్ని తప్పు పట్టను. అయితే అలాంటి ఇళ్లు పదివేలు ఉన్నా వచ్చేది పది లక్షలే. కాబట్టి ఊరి ఖర్చు మోయాల్సింది పెద్ద ఆస్తులు. రామగుండంలో పెద్ద ఆస్తులంటే సింగరేణి, 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ పాత కేంద్రం, పక్కన కొత్తగా లేచిన రెండు 800 మెగావాట్ల యూనిట్లు, పాత ఎఫ్‌సీఐ (భారత ఎరువుల సంస్థ) స్థలంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం.

ఇవన్నీ సర్కారువే కదా, సర్కారు ఆస్తికి పన్నేమిటన్న మాట తరచూ వినబడుతుంది. రాజ్యాంగం 285వ అధికరణ కేంద్ర ప్రభుత్వ ఆస్తికి మినహాయింపు ఇచ్చిన మాట నిజం. కానీ కంపెనీ వేరు, ప్రభుత్వం వేరు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాలో ఇదే తగాదా వచ్చింది. వెస్ట్రన్ కోల్‌ఫీల్డ్స్, భారత్ అల్యూమినియం కంపెనీల మీద అక్కడి ప్రత్యేక ప్రాంత అభివృద్ధి సంస్థ ఆస్తి పన్ను వేసింది. మూలధనమంతా కేంద్రానిదే అయినా ఆస్తి కంపెనీదేనని, పన్ను కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. 1982 లా రిపోర్టుల్లో అచ్చయిన ఆ తీర్పు తర్వాత, రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణికి ఆ అధికరణ చాటున నిలబడే వీలు లేదు.

అలాగని విద్యుత్ కేంద్రం విలువంతా పన్ను పరిధిలోకి రాదు. ఈ పన్ను భూమికీ భవనానికీ మాత్రమే. లోపలి యంత్రాలను ఇందులో కలపరాదని అహ్మదాబాద్ మిల్లుల కేసులో 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బాయిలరు, టర్బైను లెక్కలోకి రావు. ఆఫీసు, గోదాము, టౌన్‌షిప్ క్వార్టర్లు వస్తాయి. అందుకే కొలతల దగ్గరే అసలు పేచీ. మా కాలనీల్లో రోడ్లు, నీళ్లు, దవాఖానా మేమే చూసుకుంటున్నాం అని కంపెనీలు అంటే అందులో నిజం ఉంది. కానీ క్వార్టరు గేటు దాటాక ఆ కుటుంబం నడిచేది ఊరి రోడ్డు మీదే, కొనేది ఊరి బజారులోనే. లారీలు అరగదీసే రోడ్ల బాగుచేత ఖర్చును కాలనీ ప్రహరీ దగ్గర కోసేయలేం.

వృత్తి పన్ను కథ ఇంకోలా ఉంది. నెలకు 20 వేలు దాటిన జీతం నుంచి 200 రూపాయలు, ఏడాదికి 2,400 కోస్తారు. తమిళనాడు, కేరళలో ఈ పన్నును స్థానిక సంస్థలే వసూలు చేసుకుంటాయి. మన దగ్గర వసూలు చేసేది వాణిజ్య పన్నుల శాఖ, బల్దియా కాదు.

ఆస్తి పన్ను సరిగా రాకపోతే నష్టం రెండింతలు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణ గ్రాంట్లకు పెట్టిన షరతుల్లో ఆస్తి పన్ను కనీస రేట్ల ప్రకటన, వసూళ్ల పెరుగుదల ఉండేవి. పైగా పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఆ గ్రాంటులో 60 శాతం నీళ్లకూ పారిశుద్ధ్యానికీ కట్టుబడిన సొమ్ముగానే ఉండేది. ఆ గ్రాంటుకు జనాభాయే ముఖ్య కొలతగా ఉండేది. 2011 లెక్కల్లో రామగుండం జనాభా 2,29,644. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలకు దిగారు. కార్మికులతో పాటు జనాభా, దానితో గ్రాంటు తగ్గినా మోరీల పొడవు తగ్గదు.

ఒక కొత్త దారి తెరుచుకుంది. 2024 జూలై 25న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 8-1 మెజారిటీతో, రాయల్టీ పన్ను కాదని, ఖనిజాలున్న భూమి మీద రాష్ట్రాలు పన్ను వేయవచ్చని తీర్పునిచ్చింది. శాసనసభ చట్టం చేస్తే ఆ పన్నులో ఇంత శాతం గని ఊళ్ల బల్దియాలకే అని అందులోనే రాయించుకోవచ్చు. చట్టం వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది.

అంతకుముందు బల్దియా చేయగలిగిన పని ఒకటుంది. ఒక్కో కంపెనీ భవనాల విస్తీర్ణం ఎంత, వేసిన పన్ను ఎంత, కట్టింది ఎంత, కోర్టులో ఆగింది ఎంత అన్న నాలుగు అంకెలను ఏటా బడ్జెట్ పుస్తకంలో అచ్చు వేయాలి. ఖనిజ ఫౌండేషన్ నుంచి నగరానికి మంజూరైన పనుల జాబితానూ దాని పక్కనే పెట్టాలి.