ఎక్స్‌రేలో మచ్చ: టీబీయా, కేన్సరా?

చాపాడు నుంచో మైదుకూరు దారిలోని ఇంకో పల్లె నుంచో అరవై దాటిన మనిషి దగ్గుతో ప్రొద్దుటూరు ఆసుపత్రికి వస్తాడనుకుందాం. దగ్గు పట్టుకుని నెలన్నర. తిండి సయించడం లేదు, మనిషి చిక్కిపోయాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద తెల్లటి మచ్చ. మనదేశంలో అలాంటి మచ్చ చూస్తే ముందుగా టీబీ గుర్తుకు రావడం సహజం. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మనవాళ్లే. ఇబ్బంది అక్కడ లేదు. గళ్ల పరీక్షలో క్రిమి కనబడకున్నా టీబీ మాత్రలు మొదలుపెట్టి, రెండు నెలలకూ గుణం లేకపోతే మళ్లీ అవే మాత్రలు సాగదీయడంలో ఉంది. ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్నవాళ్లలో చాలామంది మన దగ్గర ఇలాగే విలువైన నెలలు పోగొట్టుకుంటున్నారు.

పైగా ఈ జబ్బు తనంత తాను బయటపడదు. ఊపిరితిత్తి లోపలి కండకు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది దాన్ని చుట్టిన పొరకే. గడ్డ ఆ పొరను తాకేదాకా, లేదా గాలిగొట్టాన్ని మూసేదాకా మనిషి తిరుగుతూనే ఉంటాడు. అందుకని చిన్న గుర్తులను పట్టించుకోవాలి: మూడు వారాలు దాటిన దగ్గు, పాత దగ్గే తీరు మారడం, గళ్లలో నెత్తురు చార, కారణం లేకుండా గొంతు బొంగురుపోవడం, వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగడం.

కారణాల్లో పొగాకుదే పెద్దవాటా. సిగరెట్ కన్నా బీడీ మేలనే మాట మన పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. నిజానికి బీడీ పొగలో తారు తక్కువేమీ కాదు. ఎన్నడూ బీడీ ముట్టని ఆడవాళ్లకూ ఈ కేన్సర్ వస్తోంది. గాలాడని వంటింట్లో ఏళ్ల తరబడి పీల్చిన కట్టెల పొగ అందుకు ఒక కారణం.

పులివెందుల వైపు ఇంకో సంగతి ఉంది, దాన్ని గురించి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడి వేంపల్లె సున్నపురాళ్లలోకి కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి నుంచి కరిగిన శిల పొరలుగా చొచ్చుకొచ్చింది. ఆ వేడికి రెండు రాళ్లూ కలిసిన అంచుల్లో రాయి నారగా మారింది. అదే క్రైసోటైల్, తెల్ల ఆస్బెస్టాస్. బ్రాహ్మణపల్లె చుట్టుపక్కల గనుల్లో దాన్ని దశాబ్దాలపాటు తవ్వారు. ఈ నార కంటికి ఆననంత సన్నటి పోగులుగా చీలి, శ్వాసతోపాటు చివరి గాలితిత్తుల దాకా పోతుంది. వాటిని మింగబోయిన రక్షక కణాలు అరిగించుకోలేక చస్తాయి. వాపు ఆరదు, ఏళ్లు గడిచేకొద్దీ కణాల్లోని డీఎన్ఏ చెడుతుంది. జబ్బు బయటపడేసరికి ఇరవై నుంచి నలభై ఏళ్లు. అమెరికాలో ఆస్బెస్టాస్ పనివాళ్లను పరిశీలించి హామండ్, సెలికాఫ్ బృందం 1979లో ఇచ్చిన లెక్క ప్రకారం ఊపిరితిత్తుల కేన్సర్‌తో చనిపోయే ముప్పు నార వల్ల సుమారు ఐదు రెట్లు, పొగ వల్ల పదకొండు రెట్లు పెరుగుతుంది. రెండూ ఉన్న మనిషికి యాభై రెట్లు దాటుతుంది. మన సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించింది ఇందుకే. కాబట్టి ఈ ప్రాంతపు డాక్టరు "బీడీ తాగుతావా?" అన్నదానితో ఆపకూడదు. "వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసినావు పెద్దాయనా?" అని కూడా అడగాలి.

మచ్చ ఏమిటో తేల్చేది ముక్క పరీక్ష. గొట్టం లోపలికి పంపి, లేదా సీటీ స్కాన్ చూస్తూ సూది గుచ్చి చిన్న ముక్క తీస్తారు. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందని మనవాళ్లు భయపడతారు. సూది దారిలో కేన్సర్ కణాలు అంటుకోవడం చాలా అరుదు. ముక్క తీయకపోతే వైద్యం గుడ్డిగా సాగుతుంది, ఆ నష్టం మాత్రం ఖాయం.

ఎందుకంటే ఇది ఒక్క జబ్బు కాదు. చిన్నకణాల రకం వేగంగా పాకుతుంది, కీమోకు త్వరగా లొంగుతుంది, మళ్లీ తిరగబెడుతుంది. నూటికి సుమారు ఎనభై ఐదు మందిలో కనిపించేది చిన్నకణాలు కాని రెండో వర్గం. అందులో గడ్డ ఒకచోటే ఉంటే ఊపిరితిత్తుల ఐదు తమ్మెల్లో గడ్డ ఉన్న ఒక్క తమ్మెను కోసి తీసేస్తారు. నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నది ఈ దశలోనే. ఛాతీ మధ్య గ్రంథులకు పాకితే కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు.

ఇంకా దూరం పాకినవాళ్లకు ముక్కలో జన్యువులు చూడాలి. మన దగ్గర అడినోకార్సినోమా అనే రకం వచ్చినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మందికి ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటుంది. వాళ్లకు రోజుకో మాత్ర చాలు. తూర్పు ఆసియా రోగుల మీద జరిగి 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనంలో జెఫిటినిబ్ మాత్ర ఆ మార్పు ఉన్నవాళ్లకు కీమోకన్నా బాగా పనిచేసింది. మార్పు లేనివాళ్లకు కీమోకన్నా చెడ్డగా. పరీక్ష చేయించకుండా మాత్ర రాస్తే మేలు కన్నా కీడే జరగవచ్చు.

పెమెట్రెక్సెడ్ అనే ఇంజెక్షను కూడా అంతే. ఆస్బెస్టాస్ వల్ల ఊపిరితిత్తి పొరకు వచ్చే మీసోథీలియోమాకు అమెరికాలో 2004లో అనుమతి పొందిన మందు ఇది. అడినోకార్సినోమాకూ వాడతారు, స్క్వామస్ అనే ఇంకో రకానికి పనికిరాదు. ఇది ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుని కణవిభజనను ఆపుతుంది. ఈ దారి తెరిచినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్నీ, దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ అమినోప్టెరిన్‌ను లుకీమియా పిల్లలకిచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఇవాళ పెమెట్రెక్సెడ్ తీసుకునేవాళ్లకు దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా ఇస్తారు. మందు వెనకున్న ఆలోచనా, దాని కాపూ ఒకే పరిశోధన నుంచి వచ్చాయన్నమాట.

నొప్పి, ఆయాసం తగ్గించే వైద్యాన్ని చివరి రోజులకు దాచిపెట్టకూడదు. బోస్టన్‌లో 2010లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు ముదిరిన రోగులకు దాన్ని మొదటి నుంచీ జతచేస్తే బతికిన కాలం కూడా సుమారు రెండున్నర నెలలు పెరిగింది.

తీసిన ముక్కను ల్యాబులో మైనపు దిమ్మలో పొదిగి దాస్తారు. తిరుపతికో వేలూరుకో హైదరాబాద్‌కో పోయేటప్పుడు రిపోర్టు కాగితంతోపాటు ఆ దిమ్మనూ, గాజు స్లైడ్లనూ అడిగి తీసుకెళ్లాలి. అందులో కణాలు మిగిలి ఉంటే జన్యు పరీక్షకు అదే సరిపోతుంది. మళ్లీ సూది గుచ్చాల్సిన పని తప్పుతుంది, వైద్యం త్వరగా మొదలవుతుంది.