క్యాపిటల్ ఏ, స్మాల్ ఏ ఒకటేనని కంప్యూటర్‌కు ఎవరు నేర్పారు?

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఇంగ్లిష్ క్యాపిటల్ ఏ దాని లెక్కలో 65, స్మాల్ ఏ 97. ఒక జాబితాలో పేరంతా క్యాపిటల్స్‌లో, ఇంకో జాబితాలో మొదటి అక్షరం మాత్రమే క్యాపిటల్‌లో ఉంటే మనకు కనిపించేది ఒక్క మనిషే. యంత్రానికి మాత్రం ఇద్దరు. దరఖాస్తు ఫారంలో పేరు పెద్ద అక్షరాల్లో నింపుతాం, ఈమెయిల్లో తోచినట్టు రాసుకుంటాం. ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే పేరని కంప్యూటర్ గుర్తుపడుతోందంటే పెద్దా చిన్నా అక్షరాలను ఒకే రూపంలోకి మార్చి పోల్చే కేస్ ఫోల్డింగ్ అనే ఉపాయమే కారణం.

మొదట్లో ఈ చిక్కే లేదు. 1957లో ఫోర్‌ట్రాన్ భాష వచ్చేనాటికి ప్రోగ్రాములన్నీ క్యాపిటల్స్‌లోనే రాసేవారు. ఒక్కో గుర్తుకు ఆరు బిట్లు కేటాయిస్తే వచ్చేవి 64 గుర్తులు. అంకెలు, కూడిక తీసివేత గుర్తులు, విరామ చిహ్నాలు పోగా రెండు రకాల ఏబీసీడీలకు చోటెక్కడిది? 1963 నాటి టెలిటైప్ మోడల్ 33 అనే టైపు యంత్రం కూడా పెద్ద అక్షరాలు మాత్రమే కొట్టేది. అదే ఏడాది అమెరికాలో ఆస్కీ అనే ఏడు బిట్ల ప్రమాణం వెలువడింది. అందులో 128 స్థానాలున్నా చిన్న అక్షరాలు లేవు, చివర్లో చాలా స్థానాలు ఖాళీగా వదిలారు. 1967 సవరణలో అక్కడికి చిన్న అక్షరాలు వచ్చి చేరాయి.

చేర్చిన తీరులోనే తెలివంతా ఉంది. 65ను బిట్లలో రాస్తే 1000001, 97ను రాస్తే 1100001. తేడా ఒక్క బిట్టే. బీ 66, 98. జెడ్ 90, 122. ఏ అక్షరం చూసినా తేడా 32. ఆ ఒక్క బిట్‌ను పక్కన పెడితే పెద్ద అక్షరమూ చిన్న అక్షరమూ ఒకటైపోతాయి. మెమరీని కిలోబైట్లలో కొలుచుకునే కాలంలో ఇది ఎంత పెద్ద పొదుపో! నా దృష్టిలో ఇంజనీరింగ్‌లో ఇంతకన్నా ముచ్చటైన నిర్ణయాలు అరుదు. అయితే కళ్లు మూసుకుని బిట్ తీసేస్తే కుదరదు. 91లో చదరపు బ్రాకెట్ ఉంది, 123లో ఫ్లవర్ బ్రాకెట్ ఉంది. వాటి మధ్య తేడా కూడా 32 కాబట్టి అవీ ఒకటే అనిపిస్తాయి. ముందు అది అక్షరమేనా అని చూసుకోవాలి.

జాబితాల దగ్గరికొస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. పదివేల పేర్ల జాబితాలు రెండున్నాయనుకోండి. మొదటిదాంట్లోని ప్రతి పేరునూ రెండోదాంట్లోని ప్రతి పేరుతో పోలిస్తే పది కోట్ల పోలికలు. అలా కాకుండా ప్రతి పేరునూ ఒక్కసారి ఫోల్డ్ చేసి, ఒక జాబితాను, పేరు ఉందో లేదో వెంటనే చెప్పే సెట్ అనే అమరికలో వేసి, రెండోదాన్ని అందులో వెతికితే ఇరవై వేల పేర్లను ముట్టుకుంటే చాలు. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. సెట్‌లో వరస మిగలదు, ఒకే పేరు రెండుసార్లు ఉంటే ఒకటే మిగులుతుంది. వరసా సంఖ్యా ముఖ్యమైన చోట అది తప్పుడు జవాబిస్తుంది.

ఇంగ్లిష్ దాటగానే ఆ 32 తేడా లెక్క చేతులెత్తేసింది. 1928లో టర్కీ లాటిన్ లిపికి మారినప్పుడు చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ అని రెండు వేర్వేరు అక్షరాలు పెట్టుకుంది. రెండింటికీ విడిగా పెద్ద రూపం, చిన్న రూపం ఉన్నాయి. మనం రాసే క్యాపిటల్ ఐ అక్కడ చుక్క లేనిదానికి పెద్ద రూపం. టర్కిష్ సెట్టింగ్ ఉన్న కంప్యూటర్లో ఫైల్ అన్న ఇంగ్లిష్ మాటను క్యాపిటల్స్ నుంచి చిన్న అక్షరాల్లోకి మారిస్తే ఐ మీద చుక్క మాయమవుతుంది, వెతికే మాట దొరకదు. ప్రపంచమంతా బాగా నడిచిన ప్రోగ్రాములు ఇస్తాంబుల్‌లో ఆగిపోయింది ఇందువల్లే.

జర్మన్‌లో వీధిని స్ట్రాసె అంటారు. చిన్న అక్షరాల్లో రాస్తే ఆరు అక్షరాలు, క్యాపిటల్స్‌లో ఏడు. మధ్యలో ఉండే ఒక ప్రత్యేక అక్షరం పెద్ద రూపంలో జంట ఎస్‌గా విడిపోతుంది. రెండు మాటలనూ చిన్న అక్షరాల్లోకి మార్చినా కలవవు. అందుకే ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం ఈ పనికోసమే ప్రత్యేకంగా ఓ పట్టిక ఇచ్చింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు 2012లో వచ్చిన 3.3 వెర్షన్‌లో కేస్‌ఫోల్డ్ అనే ఫంక్షన్ చేరింది. అది ఆ జర్మన్ అక్షరాన్ని కూడా జంట ఎస్‌గా మార్చి పోలుస్తుంది. అమెరికా ఆదివాసీలైన చెరోకీల లిపికి 2015లో చిన్న అక్షరాలు చేర్చారు. పాత పోలికలు చెడకూడదని అక్కడ ఫోల్డింగ్‌ను పెద్ద అక్షరాల వైపుకే పెట్టారు.

ఈ తేడాను నిర్లక్ష్యం చేస్తే ఎంత ప్రమాదమో 2014 డిసెంబరులో తెలిసింది. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచడానికి ప్రోగ్రామర్లు నిత్యం వాడే గిట్ అనే సాఫ్ట్‌వేర్, తన అంతరంగిక ఫైళ్లను చుక్కతో మొదలయ్యే గిట్ అన్న ఫోల్డర్లో ఉంచుకుంటుంది. బయటి నుంచి వచ్చే కోడ్‌లో ఆ పేరును ఒప్పుకోదు. కానీ జీ పెద్దదిగా రాస్తే వేరే పేరనుకుని లోపలికి రానిచ్చేది. విండోస్, మ్యాక్ కంప్యూటర్లకు మామూలుగా ఆ రెండు పేర్లూ ఒకటే. దాంతో దుర్మార్గుడు పంపిన ఫైలు అసలు ఫైలు మీద కూర్చుని, మన కంప్యూటర్లో వాడి ఆదేశాలు నడిపే వీలు దొరికింది. గిట్ 2.2.1తో దాన్ని సరిదిద్దారు.

తెలుగు లిపిలో పెద్దా చిన్నా లేవు కాబట్టి మనం తప్పించుకున్నామనుకోవద్దు. ఐత్వం గుర్తును ఒకే సంఖ్యగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, పోలిస్తే కలవవు. దానికి నార్మలైజేషన్ అనే మరో పని చేయాలి. ఇక లక్ష్మి పేరును ఇంగ్లిష్‌లో ఎక్స్‌తో రాసేవారినీ కేఎస్‌హెచ్‌తో రాసేవారినీ ఒకటి చేయడం ఏ ఫోల్డింగ్ వల్లా కాదు.

కోడ్ రాసే తెలుగువాళ్లందరికీ నా విన్నపం ఒకటే: ఫోల్డ్ చేసిన రూపాన్ని పోల్చడానికి మాత్రమే వాడండి. మనిషి తన పేరు ఎలా రాసి ఇచ్చాడో అలాగే దాచండి, అలాగే తిరిగి చూపండి.