తోడేళ్ల ఊళను కనిపెట్టు యంత్రములు

ఎరువునకై పొలములలో గొఱ్ఱెల మందలను తోలించు రైతులకు తోడేలన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. మెట్టపొలమున వల కట్టి మందను నిలిపిన రాత్రి రెండు పిల్లలు పోయెనను మాట మేము తిరిగెడి గ్రామములలో వినుచునే యున్నాము. అవి యెన్ని తోడేళ్లని యడిగిన నొకరు మూడందురు, ఒకరు పది యందురు. దేశమంతటను గలవి సుమారు 3,100 అని 2022లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి.

అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయవనమున తోడేళ్లు 1926 నాటికి నిర్మూలింపబడెను. 1995, 1996 సంవత్సరములలో కెనడానుండి 31 తోడేళ్లను తెచ్చి మరల విడిచిరి. వాని మెడకు రేడియో పట్టీలు తగిలించియు, విమానమెక్కి వెదకియు లెక్క చూచుచు వచ్చిరి. ఇందునకు వ్యయము మెండు. మృగమునకు మత్తుమందు నీయవలెను. కావున ఇటీవల అడవిలో చిన్న పెట్టెలవంటి ధ్వనిగ్రాహక యంత్రములను కూడ అమర్చి ఊళలను పట్టుచున్నారు.

నెలల తరబడి నిండిన శబ్దమును మనుష్యులు కూర్చుండి వినవలెనన్న ఆయుష్షు చాలదు. ఆ పని కంప్యూటరునకు ఒప్పగించిరి. ముందుగా శబ్దమును బొమ్మగా మార్తురు: అడ్డముగ కాలము, నిలువుగ స్వరముయొక్క హెచ్చుతగ్గులు. గాలిచప్పుడు అందులో మసక మరకవలె నుండును. ఊళయో, సాగదీసిన నున్నని గీత. దానిపై మఱికొన్ని సన్నగీతలు. ఇది తోడేలు, ఇది కాదు అని మనుష్యులు గుర్తుపెట్టిన బొమ్మలను విస్తారముగ చూపగా చూపగా యంత్రము తానే ఏరుకొన నేర్చును. అయినను ఏరినదానిని మనిషి మరల విని రూఢిపఱచుకొనవలెను. కొత్త జీతగాని చేత విత్తనము లేరించినను మనము ఒకసారి చేయిపెట్టి చూడమా?

చెఱువుగట్టున నిలిచినవానికి, అవతలి రేవులో బట్ట బండను తాకుట ముందు కనబడి, చప్పుడు పిమ్మట వినబడును. ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవుటయే కారణము. ఒకే ఊళ నాలుగు పెట్టెలకు చేరిన కాలభేదమును బట్టి అది లేచిన చోటును లెక్కకట్టవచ్చును. పెట్టెల గడియారములు మాత్రము సరిగా కలిసియుండవలెను.

మన దేశమునను ఈ విద్యకు పునాది పడినది. మహారాష్ట్రములోని తోడేళ్ల ఊళలను భారతీయ వన్యప్రాణి సంస్థవారు పరిశీలించిరి. ఊళ సగటున 5 సెకండ్లుండుననియు, ఒక్కొక్క తోడేలు గొంతు వేఱనియు తేలినది. ఎఱిగిన తోడేళ్లను గొంతునుబట్టి నూటికి 98 వంతులు సరిగా గుర్తించినట్లు 2021లో ప్రకటించిరి. యెల్లోస్టోనులో నేర్చిన యంత్రమునే తెచ్చి ఇచట పెట్టిన చాలదు. మన నక్కల కూతలు, ఊరకుక్కల యేడ్పులు దానికి క్రొత్తగా నేర్పవలెను.

ఈ పెట్టె మందను కాయునని సభ్యులు తలపరాదు. మందపై పడబోవు తోడేలు ఊళవేసి రాదు. పెట్టె నిశ్శబ్దముగ నున్నంత మాత్రమున తోడేలు లేదనుటకు వీలులేదు. కావున వల, ముళ్లకంచె, కుక్కలు, మేలుకొనియుండు మనిషి యెప్పటివలెనే కావలయును. చచ్చిన గొఱ్ఱెకు విషము పూయుట 1972 నాటి వన్యప్రాణి చట్టమునకు విరుద్ధము. అది తిని మొదట చచ్చునది మీ కుక్కయే.

మఱియొక మాట. తోడేళ్ల గుహ యెచటనో చెప్పగల యంత్రము దుష్టుల చేతబడిన పిల్లలు దక్కవు. అటులని ఆ వార్తను కార్యాలయమున దాచియుంచుటయు న్యాయము కాదని మా యభిప్రాయము. ఏ దిక్కున గుంపు తిరుగుచున్నదో ప్రొద్దుగ్రుంకకముందే మందలవారికి తెలిపిన, వారు ఆ రాత్రికి వల మఱియొక పొలమున కట్టుకొందురు.