పెద్దమ్మ అల్లిన కవర్ల సంచి

పెద్దమ్మ చేతిలో సూది ఆగగా నేనెప్పుడూ చూడలేదు. నరసాపురం పక్క పల్లెలో వీధి అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళని పలకరిస్తూనే, లోపల ఎసరు పొంగుతోందని కోడలికి చెబుతూనే, ఒళ్ళో తెల్లదారాన్ని పువ్వులు చేస్తూ ఉంటుంది. చూపు పనిమీద ఉండదు. వేళ్ళకే అంతా తెలుసు. అలాంటి మనిషి మొన్న సంక్రాంతికి నేను చేతిలో పెట్టిన ఉండను చూసి సూది పక్కన పెట్టేసింది. అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో నొక్కింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఏంటే ఇది? దారంలా లేదు."

"కవర్లు పెద్దమ్మా. కూరగాయల కవర్లు, బట్టల కొట్టు కవర్లు. కడిగి, కత్తిరించి ముళ్ళేశాను."

"కవర్లతో అల్లుతారా ఎవరన్నా?"

అల్లుతున్నారు. ఈ దారానికి పేరు కూడా పెట్టారు. ప్లాస్టిక్‌లో సగం, నూలుకు ఇంగ్లీషు మాటైన యార్న్‌లో సగం కలిపి 'ప్లార్న్' అంటున్నారు. అమెరికాలో పెద్ద వయసువాళ్ళు గుంపుగా కూర్చుని ఈ దారంతో చాపలల్లి, ఇల్లు లేక వీధిలో పడుకునేవాళ్ళకు ఇస్తున్నారు. ఒక్కో చాపకు ఐదారు వందల కవర్లు పడతాయి. నేల చెమ్మ ఒంటికి తగలదు, చుట్టి భుజాన వేసుకుంటే బరువూ ఉండదు. అయితే పెద్దమ్మకు నేను చెప్పింది చాపల సంగతి కాదు, న్‌జావ్ ఊరి సంగతి.

పశ్చిమాఫ్రికాలో గాంబియా చిన్న దేశం. ఒక నది, దాని రెండు గట్లు, అంతే అన్నట్టు సన్నగా సాగి ఉంటుంది. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు ఆ ఊహ కష్టం కాదు. ఆ నదికి ఎగువన న్‌జావ్ అనే పల్లె ఉంది. ఇసాతు సీసే ఆ ఊరి ఆడపిల్ల. చిన్నప్పుడే తండ్రి పోయాడు, చదువు మధ్యలో ఆగిపోయింది. ఊళ్ళోకి ప్లాస్టిక్ సంచులు వచ్చినప్పుడు అందరిలాగే ఆమెకూ అవి నచ్చాయి. తేలిక, నీళ్ళు కారవు, చినిగితే పారేయొచ్చు. కానీ చెత్తబండి రాని ఊళ్ళో ఎక్కడ పారేస్తారు? ఇళ్ళ వెనక గుట్టలు లేచాయి. వానకు వాటిలో నీళ్ళు నిలిచి దోమలు పుట్టాయి. పెరటి మట్టిలో కలిసి మొక్కని ఎదగనివ్వలేదు. ఆడవాళ్ళు పొయ్యి రాజేయడానికి వాటినే ముట్టించి, ఆ పొగే పీల్చారు. మేకలు తిని చచ్చిపోయాయి. ఆ ఊళ్ళో మేక పోవడమంటే ఇంట్లో దాచుకున్న డబ్బు పోవడమే.

1997లో ఇసాతు, మరో నలుగురు ఆడవాళ్ళు కలిసి ఆ గుట్టల్లోంచి కవర్లు ఏరడం మొదలుపెట్టారు. కడిగారు, తాళ్ళ మీద ఆరేశారు, పీలికలుగా కోశారు, కొక్కెం సూదితో చిన్న చిన్న పర్సులల్లారు. ఊరు నవ్వింది. చెత్త ఏరుకునే ఆడవాళ్ళన్నారు. అందుకని రాత్రిపూట నలుగురి కంటా పడకుండా అల్లారు. పర్సులు అమ్ముడుపోయాక నవ్వులు ఆగాయి. డబ్బు చేతికొచ్చిన ఆడవాళ్ళు పొదుపు మొదలుపెట్టారు. అయిదుగురితో మొదలైన పని వందమందికి పైగా పాకింది. 2015లో గాంబియా ప్లాస్టిక్ సంచులనే నిషేధించింది. అదే ఏడాది అమెరికాలో 'వన్ ప్లాస్టిక్ బ్యాగ్' అనే పిల్లల బొమ్మల పుస్తకం ఇసాతు కథతో వచ్చింది.

పెద్దమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "ఆ పర్సు ధర వాళ్ళే చెప్పుకున్నారా?"

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలియాలంటే నరసాపురం లేసు సంగతి తెలియాలి. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకు వచ్చిన అల్లిక ఇది. ఇక్కడి ఆడవాళ్ళ చేతుల్లో వేళ్ళూనుకుని ఓడలెక్కి యూరప్, అమెరికా భోజనాల బల్లల మీదికి చేరింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది మనందరికీ గర్వం. కానీ అదే లేసు గురించి జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ పల్లెల్లో తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. అందులో ఆమె చూపించింది ఇది: ఇంటిపని, పిల్లల పని అయ్యాక ఆరేడు గంటలు సూది పట్టే ఆడమనిషిని ఎవరూ కార్మికురాలని అనలేదు. గృహిణి అన్నారు. ఆమె పనిని తీరిక వేళ కాలక్షేపం అన్నారు. అలా అన్నారు కనకే కూలీ పొలం కూలీకన్నా తక్కువ ఇవ్వగలిగారు. దారం ఇచ్చేది ఏజెంటు, తీసుకెళ్ళేది ఏజెంటు. చేతిపని ఒకరిది, పువ్వులను కలిపే అతుకుపని మరొకరిది. తాను అల్లిన పువ్వు ఏ దుప్పటిలోకి వెళ్ళిందో, ఎంతకు అమ్ముడయ్యిందో అల్లిన మనిషికి తెలిసేది కాదు.

మా పెద్దమ్మకు తెలియలేదు. యాభై ఏళ్ళుగా ఆమెకు కూలీ పీసు లెక్కనే గాని గంట లెక్కన కాదు. పెదనాన్న కూడా "మీ పెద్దమ్మ ఊరికే కూర్చోలేదు, ఏదో అల్లుకుంటూ ఉంటుంది" అనేవాడు. ఆ అల్లుకోవడంతోనే ఇద్దరు పిల్లల పుస్తకాలు వచ్చాయని ఆయనకు తెలుసు, అయినా అలాగే అనేవాడు.

నన్ను ఈ కవర్ల సంచి వైపు లాగింది అందమూ కాదు, పర్యావరణం మీద అపరాధ భావమూ కాదు. ఊరికే ఇచ్చేది కాబట్టి కవరుకు విలువ లేదన్నాం. ఊరికే చేసేది కాబట్టి ఆడవాళ్ళ పనికి విలువ లేదన్నాం. న్‌జావ్‌లో ఆ రెండింటినీ ఒక సూది మీదికి ఎక్కించి, ఇదిగో దీని ధర ఇంత అని సంతలో నిలబడి చెప్పారు. నాకు అది చాలా పెద్ద విషయం.

పెద్దమ్మ ఆ రాత్రే మొదలుపెట్టింది. లేసు సూది ఈ పనికి చాలదు. అది దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. కవర్ల దారానికి ఏడెనిమిది మిల్లీమీటర్ల సూది కావాలి, పెన్సిలంత. వెదురు సూది తీసుకెళ్తే ప్లాస్టిక్ దానికి అంటుకుపోయి జారలేదు. అల్యూమినియం సూదితో దారిలో పడింది.

దారం తయారుచేయడం ఆమెకు నేనే చూపించాను. ఆమెకు నేను నేర్పిన పని ఇదొక్కటే. కవరును నేల మీద పరిచి, పక్క మడతలు లోపలికి తోసి, అరచేత్తో గాలి పోయేలా నిమరాలి. పైన చేతిపట్టులు, అడుగున అతికించిన అంచు కత్తిరించేస్తే రెండు వైపులా తెరుచుకున్న గొట్టం మిగులుతుంది. దాన్ని పొడుగునా మడిచి, అడ్డంగా రెండు వేళ్ళ వెడల్పున ముక్కలు కోయాలి. విప్పితే ప్రతి ముక్కా ఒక కంకణం. ఒక కంకణంలోంచి రెండోదాన్ని దూర్చి, దాని కొసని దానిలోంచే లాగితే ముడి పడుతుంది. ఇక్కడే ఓపిక కావాలి. గట్టిగా లాగితే ప్లాస్టిక్ సాగి, సన్నబడి తెగిపోతుంది. మెల్లగా లాగితే ముడి చిన్న గింజలా కూర్చుంటుంది. అలా కలుపుకుంటూ ఉండ చుట్టాలి.

కవర్లన్నీ ఒకటి కావు. చేతిలో గరగరలాడే పల్చటి రకం ఒకటి, మెత్తగా జారే బట్టల కొట్టు రకం ఇంకోటి. రెండూ పాలిథినే, తయారీలో తేడా. రెండింటినీ ఒకే వెడల్పున కోస్తే అల్లిక ఒకచోట లావుగా, ఒకచోట పీలగా వస్తుంది. మందపాటిది సన్నగా, పల్చటిది వెడల్పుగా కోసుకోవాలి. మట్టిలో కలిసిపోతుందని అచ్చేసిన కంపోస్టబుల్ కవర్లు మాత్రం అసలు వద్దు. వాటి గుణమే విడిపోవడం. నా మొదటి సంచి అడుగు ఆరు నెలలకే పొడిపొడిగా రాలిపోయింది, కారణం అవే.

అడుగు నుంచి మొదలు. చిన్న ఉంగరంలో ఆరు కుట్లు. రెండో వరసకు పన్నెండు, మూడో వరసకు పద్దెనిమిది, అలా వరసకు ఆరు పెంచుకుంటూ పోతే బల్లపరుపుగా ఒక చక్రం వస్తుంది. పళ్ళెమంత అయ్యాక పెంచడం ఆపేయాలి. ఆపగానే అంచు దానంతట అదే పైకి లేచి గోడ కడుతుంది. పెద్దమ్మకు లెక్క చెప్పనక్కర్లేదు. నాలుగో వరసకే నా చేతిలోంచి లాక్కుంది. ఆమెను ఇబ్బంది పెట్టింది లెక్క కాదు, చప్పుడు. నూలుదారం మాట్లాడదు. ఇది ప్రతి కుట్టుకీ కీచుమంటుంది. "గొణుగుతోందే ఇది" అంది. లేసు అలవాటున బిగించి అల్లేసరికి తాను వేసిన మొదటి రెండు వరసలు గిన్నెలా ముడుచుకుపోయాయి. విప్పేసింది. చెయ్యి వదులు చేసి మళ్ళీ పట్టింది. అర్ధరాత్రికి చప్పుడు తగ్గింది.

ఆమె చేతిలో దారమైన ఈ కవరును కనిపెట్టింది స్వీడన్ ఇంజినీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్. సెల్లోప్లాస్ట్ కంపెనీలో పనిచేస్తూ ఒకే ముక్కలో చేతిపట్టులతో సహా సంచి వచ్చేలా గీశాడు. 1965లో పేటెంటు వచ్చింది. కాగితం సంచుల కోసం చెట్లు నరకడం ఎందుకని ఆయన ఆలోచన అని, తన సంచిని మడిచి జేబులో పెట్టుకుని పదేపదే వాడేవాడని ఆయన కొడుకు చెప్పాడు. కవరు పుట్టినప్పుడు దాన్ని ఒకసారి వాడి పారేయాలని ఎవరూ రాసిపెట్టలేదు. ఆ అలవాటు మనం చేసుకున్నదే.

ఆ అలవాటుకు మన దగ్గర మూల్యం కట్టినవి ఆవులు. మిగిలిన అన్నం, కూర కవర్లో కట్టి ముడేసి వీధిలో పడేస్తాం. ముడి విప్పడం ఆవుకు రాదు, కవరుతోనే మింగుతుంది. అది మొదటి పొట్టలో చేరి అక్కడే ఉండిపోతుంది. అరగదు, బయటికి రాదు, ఏళ్ళ తరబడి గట్టిపడి బండలా తయారవుతుంది. కడుపు నిండినట్టే ఉండి ఆవు ఆకలితో చిక్కిపోతుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఆవుల కడుపులు కోసి ఈ మూటలు తీయించింది, 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. న్‌జావ్ మేకలూ పుట్టపర్తి ఆవులూ ఒకే కారణాన పోయాయి.

చట్టాలు వచ్చాయి. కవరు మందం 2016లో కనీసం 50 మైక్రాన్లన్నారు, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మందంగా ఉంటే ఖరీదు పెరిగి ఊరికే ఇవ్వరు, ఏరేవాళ్ళకు గిట్టుబాటవుతుంది. ఆ ఆలోచన మంచిదే. కానీ మా సంతలో ఊదితే ఎగిరే కవర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. నా ఉండల్లో ఎక్కువ వాటితో చుట్టినవే.

కాబట్టి అల్లికతో ప్లాస్టిక్ సమస్య తీరుతుందని నేను చెప్పను. పెద్దమ్మ సంచికి పట్టిన కవర్లు 64. మా వీధిలో ఒక్క ఆదివారం అంతకన్నా ఎక్కువ చేతులు మారతాయి. అల్లిన సంచి కూడా ప్లాస్టిక్కే. నెలల తరబడి ఎండలో పడేస్తే పెళుసెక్కి రాలుతుంది, అందుకే నీడలో తగిలించాలి, చల్లనీళ్ళతో చేత్తోనే ఉతకాలి. కవర్ల తయారీని ఆపాల్సింది కర్మాగారం దగ్గర, కొట్టు దగ్గర. ఆ బాధ్యతను తెచ్చి మళ్ళీ ఇంట్లో ఆడవాళ్ళ ఒళ్ళో, తీరిక వేళ పని పేరుతో పడేస్తే నేను ఒప్పుకోను. ఊళ్ళ చెత్త శుభ్రం చేయడమూ జీతం లేని కాలక్షేపం కాకూడదు. అల్లితే అల్లిన గంటలకు లెక్క ఉండాలి.

అందుకే పెద్దమ్మ అల్లుతున్నంతసేపూ గోడమీది క్యాలెండర్ వెనక గంటలు రాస్తూ పోయాను. ఆమెకు చెప్పలేదు. మూడోనాటి సాయంత్రం చేతిపట్టు చివరి కుట్టు వేసి, కొసని లోపలికి దూర్చి, సంచిని ఒళ్ళో బోర్లించి చూసుకుంది. తెలుపు, పసుపు, పాల ప్యాకెట్ల నీలం గీతలు. ఎక్కడా ముడి కనపడలేదు.

"పద్నాలుగు గంటలు పెద్దమ్మా" అన్నాను.

"ఏది?"

క్యాలెండర్ తిప్పి చూపించాను. నాట్ల కూలీ లెక్కన ఎంతవుతుందో పక్కనే కట్టి ఉంచాను. ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. లేసు దుప్పటికి ఎప్పుడైనా ఇలా కట్టారా అని అడగబోయి మానుకున్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నాతో సంతకు వచ్చింది. వంకాయలు తూచిన అమ్మాయి అలవాటుగా కవరు అందుకోబోయింది. పెద్దమ్మ సంచి నోరు తెరిచి పట్టింది. వంకాయలు పోస్తూ ఆ అమ్మాయి సంచి అంచు పట్టుకుని తిప్పి చూసింది.

"బావుంది మామ్మగారూ. ఎంత పడింది?"

"పద్నాలుగు గంటలు" అంది పెద్దమ్మ.