చెవికి వెలుగు, నడుముకు బరువు

కోటప్పకొండ తిరునాళ్లలో మా అన్నయ్య కూతురికి ఒక ఉంగరం కొనిపెట్టాను. ప్లాస్టిక్ ఉంగరం, పైన మెత్తని రబ్బరు పువ్వు. నొక్కితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెంట ఒకటి మిలమిలమంటాయి. వెలిగే కొమ్ములు, వెలిగే గాజులు, వెలిగే జడ క్లిప్పులు... శివరాత్రి నాడు కొండ కింద ఇవి పెట్టని బొమ్మల కొట్టు లేదు. జనంలోంచి బయటపడి నరసరావుపేట ఆటో వెతుక్కుంటుండగా ఆ పిల్ల నా చొక్కా లాగి, "బాబాయ్, నా పువ్వు ఆరిపోయింది" అంటూ వేలు చూపించింది. ఆ వేలికి వెనకాల, కొండంత ఎత్తున, లైట్లు బిగించిన ప్రభల చట్రాలు తెల్లవార్లూ వెలగడానికి సిద్ధంగా ఉన్నాయి.

శనగగింజంత పువ్వు గంటకే ఆరిపోవడమేమిటి, 80, 90 అడుగుల ప్రభ రాత్రంతా వెలగడమేమిటి? ప్రశ్న చిన్నపిల్లలదే గానీ, లైట్లు ఉన్న నగలు తయారు చేయాలనుకునే వాళ్లంతా మొదట తల పట్టుకునేది దీని దగ్గరే.

ప్రభను దగ్గరగా చూసినవాళ్లకు జవాబు సగం తెలిసిపోతుంది. చిలకలూరిపేట వైపు నుంచి, పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ల నుంచి వచ్చే పెద్ద ప్రభల మీద ఉండేవి లైట్లు మాత్రమే. వాటికి కరెంటు ఇచ్చే జనరేటరు ప్రభ నెత్తిన ఉండదు, కింద చక్రాల మీద వెంట వస్తుంది. చూసేవాడి కన్ను పైకే పోతుంది, దడదడలాడే ఇంజను వైపు ఎవడూ చూడడు. అదే కోనసీమకు పోండి. కనుమ నాడు జగ్గన్నతోటకు వచ్చే ప్రభలను మనుషులు భుజాల మీద మోస్తారు, వరిచేలల్లోంచి, కాలువలోంచి కూడా. అక్కడ అలంకారం ఎక్కువగా రంగుల బట్టలతోనే. భుజం మీద మోసేదానికి జనరేటరు తగిలించే వీలెక్కడ?

వెలుగు ఒకచోట, దాని బరువు ఇంకోచోట. వెలిగే నగకు డిజైన్ అంటే నా లెక్కలో నూటికి తొంభై వంతులు ఇదే.

ఈ సంగతి పారిస్‌లో గుస్తావ్ త్రువే అనే ఇంజనీరు నూటయాభై ఏళ్ల కిందటే గ్రహించాడు. ఆయన టై పిన్నుల మీద, జడ సూదుల మీద కరెంటుతో కదిలే బొమ్మలు చేశాడు. పుర్రె కళ్లు తిప్పుతుంది, కుందేలు డోలు కొడుతుంది. తర్వాత వెలిగే నగలూ చేశాడు. బొమ్మ మెడ దగ్గర ఉంటే, సన్నని తీగ చొక్కా లోపలి నుంచి జేబులోకి పోతుంది. జేబులో మూత బిగించిన చిన్న బ్యాటరీ. దానిలోని జింకు, బొగ్గు పలకలు పైసగంలోనే ఉంటాయి, ద్రవం కిందిసగంలో. నిలబెట్టి ఉంచితే రెండూ తాకవు, కరెంటు పుట్టదు. పడుకోబెడితే ద్రవం పలకలను తడిపి బొమ్మ కదులుతుంది. అంటే జేబులో చెయ్యి పెట్టి బ్యాటరీని ఒరిగించడమే స్విచ్చు. ఇప్పటి స్విచ్చుల్లో నాకు అంత ముచ్చటైనది కనపడలేదు. 1882 నవంబరు 25న లండన్ సావాయ్ థియేటర్‌లో 'అయొలాంతే' ప్రదర్శన మొదలైనప్పుడు దేవకన్యల వేషం కట్టిన నటీమణులు తలల్లో చిన్న బల్బులు పెట్టుకుని రంగం మీదికి వచ్చారు. వాళ్ల బ్యాటరీ కూడా తలలో లేదు, దుస్తుల్లో దాచుకున్నారు.

అవి వెలిగించినవి ఫిలమెంటు బల్బులు. సన్నని కార్బన్ పోగును ఎర్రగా కాల్చి వెలుగు రాబట్టడం. ఇచ్చిన కరెంటులో దాదాపు అంతా వేడికే పోతుంది. చెవి పక్కన పెట్టుకునేది కుంపటి అయితే ఎవరు పెట్టుకుంటారు? అందుకే ఆ సరదా ధనవంతుల విందుల్లో, నాటకాల్లో కొన్నేళ్లు మెరిసి ఆగిపోయింది. మళ్లీ ప్రాణం పోసింది ఎల్‌ఈడీ.

ఎల్‌ఈడీ ఎలా పనిచేస్తుందో పల్నాడువాళ్లకు చెప్పడం తేలిక. సాగర్ కుడి కాలువ మీద అక్కడక్కడా డ్రాపులు చూసే ఉంటారు. పై మట్టం నుంచి నీళ్లు కింది మట్టానికి దూకుతాయి, దూకిన చోట చప్పుడు. ఎల్‌ఈడీలోని అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు ఇలాగే పై మెట్టు నుంచి కింది మెట్టుకు పడతాయి. పడినప్పుడు వదిలే శక్తి చప్పుడుగా కాక వెలుతురుగా వస్తుంది. మెట్టు ఎంత ఎత్తన్నదే రంగును తేలుస్తుంది. పొట్టి మెట్టుకు ఎరుపు, పొడుగు మెట్టుకు నీలం. ఎన్ని ఎలక్ట్రాన్లు పడ్డాయన్నది వెలుగు ఎంతన్నది తేలుస్తుంది. ఎరుపు మెట్టు మనిషికి 1962లో దొరికింది, నిక్ హోలోన్యాక్ చేతుల్లో. నీలపు మెట్టు కట్టడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. కట్టిన ముగ్గురు జపాన్ శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. మనం తెల్లగా చూసేది కూడా నీలానికి పసుపు పూతే.

ఈ మెట్ల సంగతి తెలియక చెడిపోయే నగలు చాలా ఉంటాయి. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు, తెల్లదానికి 3 దాకా కావాలి. రెంటినీ ఒకే తీగకు పక్కపక్కన కట్టారనుకోండి, ఎర్రది నిండుగా వెలుగుతుంది, తెల్లది కళ్లు మూసుకుంటుంది. తప్పు తెల్లదానిది కాదు. పిల్లకాలువకు పల్లంలో ఒక తూము, మెరకలో ఒక తూము పెట్టి రెండు చేలూ తడవాలంటే తడుస్తాయా? పల్లపు తూము నీళ్లన్నీ లాగేసి మట్టం దింపేస్తుంది. ప్రతి తూముకూ తలుపు బిగించినట్టు, ప్రతి ఎల్‌ఈడీకి విడిగా ఒక రెసిస్టరు పెట్టాలి. 3.7 వోల్టుల బ్యాటరీ మీద 2 మిల్లీ ఆంపియర్లే పోనివ్వాలంటే ఎర్రదానికి 820 ఓములు, తెల్లదానికి 330 ఓములు సరిపోతాయి. రూపాయి ఖర్చు.

2 మిల్లీ ఆంపియర్లేనా అంటారేమో. రాత్రి పెళ్లి పందిట్లో అంతకన్నా ఎక్కువ వద్దు. మన కన్ను వెలుగును లెక్కబెట్టే తీరు వేరు. కరెంటు రెట్టింపు చేస్తే వెలుగు రెట్టింపైనట్టు కంటికి అనిపించదు, కాస్త పెరిగిందంతే. బ్యాటరీ మాత్రం సగం సమయంలోనే అయిపోతుంది. నగ కాంతిని కళ్లు చెదిరేలా పెంచేవాళ్లు ఎదుటివాళ్ల కళ్లనూ, తమ బ్యాటరీనీ ఒకేసారి బాధపెడతారు.

ఇంటికొచ్చి ఆ ఉంగరం విప్పాను. ఒకదానిమీద ఒకటి పేర్చిన రెండు చిన్న బ్యాటరీ బిళ్లలు, మూడు ఎల్‌ఈడీలు, రెసిస్టరు మాటే లేదు. బిళ్లల్లో ఉన్న కాస్త శక్తినీ మూడు ఎల్‌ఈడీలు పోటీపడి తాగేశాయి. కొట్టువాడు సాయంత్రమంతా వెలిగించి చూపించిన ఉంగరమే నాకు అంటగట్టాడేమోనన్న అనుమానం వేరే. పెద్ద బిళ్ల వాడితే? కంప్యూటర్లలో ఉండే సీఆర్2032 బిళ్ల 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, బరువు 3 గ్రాములు. సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు అంటారు. 10 మిల్లీ ఆంపియర్ల చొప్పున తీస్తే 22 గంటలు రావాలి. రాదు. ఆ 220 అన్నది చాలా నెమ్మదిగా, మిల్లీ ఆంపియరులో అయిదోవంతు చొప్పున తీసినప్పటి లెక్క. గట్టిగా పీలిస్తే బిళ్ల లోపలి నిరోధమే అడ్డుపడి వోల్టేజీ కూలిపోతుంది.

కాబట్టి బరువు దింపాలి. ఎక్కడికి? ఇక్కడే మన పెళ్లికూతురి నగలు నాకు ఆశ్చర్యం కలిగిస్తాయి. బుట్టకమ్మల బరువుకు తమ్మెలు సాగిపోకుండా చెంపసరాలు పెట్టుకుంటారు, అవి చెవి నుంచి జుట్టులోకి పోతాయి. పాపిట బిళ్ల గొలుసు పాపిటంట వెనక్కి పోయి జడ దగ్గర చేరుతుంది. జడబిళ్లలు తల నుంచి నడుము దాకా దిగుతాయి. నడుముకు వడ్డాణం. కరెంటు పని చేసేవాడిని పిలిచి చెవి నుంచి నడుముకు తీగ లాగమంటే, అతను లాగే దారి సరిగ్గా ఇదే. వడ్డాణం వెనుక బిళ్ల కింద 500 మిల్లీ ఆంపియర్ అవర్ల లిథియం పాలిమర్ బ్యాటరీ పది గ్రాముల చిల్లర ఉంటుంది. వడ్డాణం బరువులో అది ఒక లెక్కా? చెవులు, పాపిట, జడ అంతా కలిపి 20 ఎల్‌ఈడీలు, ఒక్కోటి 2 మిల్లీ ఆంపియర్లు అయితే మొత్తం 40. అంటే 12 గంటల వెలుగు. రిసెప్షను అయి, భోజనాలయి, ఫొటోగ్రాఫరు అలిసిపోయినా ఇంకా వెలుగుతూనే ఉంటుంది. చెవి దగ్గర మిగిలేది 1.6 మిల్లీమీటర్ల పొడవున్న ఎల్‌ఈడీ ఒక్కటే, నువ్వుగింజ కన్నా చిన్నది.

తీగ ఏది? బంగారం మంచి వాహకమే, వెండి, రాగి తర్వాతి స్థానం దానిదే. అయినా గొలుసును తీగగా నమ్ముకోకూడదు. కొక్కెం కొక్కేనికి తగులుతూ వదులుతూ ఉంటుంది, నవ్వినప్పుడల్లా లైటు మినుకుమంటుంది. పైగా కరెంటు పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి కావాలి, రెండూ ఒంటిమీద ఒకదానికొకటి తగలకూడదు. ఫ్యానులు, మిక్సీలు రీవైండింగ్ చేసే కొట్టుకు వెళ్లి సన్నని ఎనామెల్ రాగి తీగ అడగండి. వెంట్రుకలో కలిసిపోతుంది, పైపూత ఉంటుంది కాబట్టి రెండు పోగులు పెనవేసినా షార్టు కాదు. టంకం పెట్టే కొసల దగ్గర మాత్రం ఆ పూత గీకేయాలి. గీకడం మర్చిపోయి "ఎల్‌ఈడీ పాడైంది" అని పారేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

జరీ ఇంకో దారి. అసలు జరీ అంటే పట్టుపోగు చుట్టూ చుట్టిన వెండి రేకు, దానిపై బంగారు పూత. అంటే అది నిజంగానే ఒక కరెంటు తీగ. 1997లో అమెరికాలోని ఎంఐటీలో రెమీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ అనే పరిశోధకులు బట్టమీద సర్క్యూట్లు కట్టడానికి ఎంచుకున్నది ఇలా లోహపు రేకు చుట్టిన పట్టు ఆర్గంజానే. మన చీరపెట్టెల్లో ఉన్నదాని పనితనం మనకన్నా ముందు ప్రయోగశాలకు తెలిసింది. మల్టీమీటరు రెండు సూదులనూ చీర అంచుమీద ఒకే పోగుకు ఆనించి చూడండి, లోహపు జరీ అయితే కూత వినిపిస్తుంది. ప్లాస్టిక్ జరీ నోరు మెదపదు. ఈ పరీక్ష చీర కొన్నాకే చేయడం మంచిది, కొట్టులో చేస్తే మర్యాదగా ఉండదు.

రాళ్ల దగ్గర చాలామంది బోర్లాపడతారు. వజ్రం కింద ఎల్‌ఈడీ పెడితే దేదీప్యమానంగా ఉంటుందనుకుంటారు. బాగా సానబట్టిన వజ్రాన్ని పేపరు మీద బోర్లించి చూడండి, కింది అక్షరాలు కనపడవు. వజ్రం వక్రీభవన గుణకం 2.42. లోపలి కాంతి ఉపరితలాన్ని 24 డిగ్రీలకు మించి ఏటవాలుగా తాకితే బయటికి రాక లోపలికే మళ్లుతుంది. పైనుంచి పడ్డ కాంతిని పైకే తిప్పి పంపేలా సానపెట్టేవాడు కింది పలకలను వాల్చుతాడు. వజ్రం తళుకంతా ఆ వాలుదే. అదే వాలు కిందనుంచి వచ్చే కాంతిని పైపలక గుండా సూటిగా రానివ్వదు. పక్క పలకల్లోంచి ఇంత చెదిరి వస్తుందంతే. లోపల దీపం పెట్టే నగకు వజ్రం దండగ. మసకబారిన గాజు, పాలలా ఉండే రాయి, ఇసుక కాగితంతో రుద్దిన ఏక్రిలిక్ మేలు. చుక్కలా గుచ్చుకునే వెలుగును అవి ముద్దలా పరుస్తాయి. తిరునాళ్ల ఉంగరం పైన తెల్ల రబ్బరు పువ్వు ఎందుకు పెట్టాడో అప్పుడు అర్థమైంది. అందులో ఆ ఒక్కటి మాత్రం డిజైన్ తెలిసినవాడి పని.

ఇక కంసాలి దగ్గర కూర్చుంటే పని వరస ముఖ్యం. బంగారానికి టంకం పెట్టేటప్పుడు మంట 700 డిగ్రీలు దాటుతుంది. ఎల్‌ఈడీ 260 డిగ్రీలకు మించి కొన్ని సెకన్లు కూడా తట్టుకోదు. నిప్పు పని, ఆమ్లం పని, మెరుగు పని అన్నీ అయ్యాకే కరెంటు పని మొదలెట్టాలి. మరమ్మతుకు మళ్లీ నిప్పు తగలకుండా లోపలిది ఊడదీసేలా, దిద్దుకు శీల ఉన్నట్టు, ఒక మర పెట్టాలి. మొదటి ప్రయత్నానికి బంగారం జోలికి పోకుండా చిలకలపూడి గిల్టు నగ తీసుకోవడం తెలివైన పని. కాకపోతే ఒక జాగ్రత్త. పూత కింద రాగి ఉంటుంది, చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ రెంటి మధ్య కరెంటు కూడా చేరితే నాలుగు ఫంక్షన్లకే పచ్చగా చిలుము పడుతుంది. తీగలున్న చోటల్లా ఎపాక్సీ పూసి చెమటను ఆపాలి.

బ్యాటరీయే లేని ఉంగరాలు, గోళ్ల స్టిక్కర్లు కూడా వచ్చాయి. వాటిలో సన్నని తీగచుట్ట ఉంటుంది. ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోను దగ్గరికి తెస్తే 13.56 మెగాహెర్ట్జ్ క్షేత్రం నుంచి కాస్త శక్తి పట్టుకుని ఎల్‌ఈడీ వెలుగుతుంది. జనరేటరును ఫోనులో పెట్టి ప్రభను గోటి మీద నిలిపినట్టు.

చివరగా ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు ఒక మాట. వెలిగే బొమ్మ నగ కొంటే బిళ్ల మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి, గోటితో ఊడేదైతే కొనకండి. బిళ్ల మింగిన పిల్లకు వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, నలతగా లేకపోయినా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. ముఖ్యంగా 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటే తడి కణజాలం గుండా కరెంటు పారి అక్కడే క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. ఆ ఉంగరంలోంచి తీసిన రెండు బిళ్లలకూ అటూ ఇటూ టేపు చుట్టి బీరువా పైన పెట్టాను. ఎల్‌ఈడీని వెలిగించలేని పాత బిళ్లలో కూడా గొంతు కాల్చేంత కరెంటు మిగిలే ఉంటుంది.