తలకు వాసన నీళ్ళు: రోగి దగ్గర వాడే ముందు

మంచాన పడిన మనిషికి నాలుగు రోజులు తలస్నానం లేకపోతే తల వాసన వేస్తుంది. చూడవచ్చిన చుట్టాల ముందు ఇంటివారికి అది చిన్నతనంగా ఉంటుంది. అందుకే ఈ అంగలకుదురు చుట్టుపక్కల ఊళ్ళ అమ్మలు, "సిస్టరుగారూ, తలకు ఏవైనా వాసన నీళ్ళు చల్లవచ్చా?" అని అడుగుతుంటారు. చల్లవచ్చు. అయితే కొన్ని సంగతులు తెలుసుకుని చల్లండి.

చెమటకు తనంతట తానుగా పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది సూక్ష్మక్రిములు చెమటను, జిడ్డును మార్చినప్పుడే వాసన పుడుతుంది. కాబట్టి ముందు తల శుభ్రం కావాలి. డాక్టరుగారు ఒప్పుకుంటే, తల కింద ప్లాస్టిక్ షీటు వేసి, దాని అంచును బకెట్టులోకి జార్చి, గోరువెచ్చని నీళ్ళతో మంచం మీదే తల కడగవచ్చు. తుడిచేటప్పుడు తల వెనుక భాగం చూడండి. అక్కడ ఎర్రగా కందినా, పుండు కనబడినా వెంటనే నర్సుకు చెప్పండి. జుట్టు మాటున పడక పుండు చాలా రోజులు దాగి ఉండగలదు.

ఇక వాసన నీళ్ళు. గుప్పెడు వట్టివేళ్ళు మట్టిపోయేలా కడిగి, రెండు గ్లాసుల నీటిలో 10 నిమిషాలు మరిగించండి. మూతపెట్టి చల్లార్చి, శుభ్రమైన గుడ్డతో వడకట్టి, వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టిన స్ప్రే సీసాలో పోయండి. దీని వాసన కొద్దిగానే ఉంటుంది. కన్నౌజ్‌లో అత్తరు తీసేవారు ఆవిరి పట్టి సువాసనను లాగుతారు, మనది ఉత్త కషాయమే. రోగికి ఆ కొద్దిపాటి వాసనే మేలు. బజారు పూలకు పురుగుమందు అంటి ఉండవచ్చు, అవి వద్దు.

ఈ నీళ్ళు చెడిపోకుండా మందేదీ కలపలేదు కదా! చూపుకు తేటగానే ఉన్నా అందులో క్రిములు పెరుగుతాయి. ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు, బయటైతే ఆ పూటకే వాడి పారబోయండి. సీసా మీద తేదీ రాయండి. మిగిలినదానిలో కొత్తది కలపడం మన ఆడవాళ్ళకు అలవాటు, అది మానాలి.

సువాసన తైలాలు నీటిలో కలవవు, పైన తేలుతాయి. ఎంత ఊపినా ఒక్కోసారి చిక్కటి తైలపు చుక్కే పడి కంటిని, చర్మాన్ని మండిస్తుంది. కర్పూరం అసలు వేయకండి. పసిపిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి.

ఒకసారి వార్డులో ఆక్సిజన్ నడుస్తున్న తండ్రి తలకు కూతురు సెంటు కొట్టబోయింది. పరుగున వెళ్ళి సీసా అందుకున్నాను. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది. సెంటులో స్పిరిటు ఉంటుంది, అది మండే గుణం కలది. ఆక్సిజన్ దగ్గర చిన్న నిప్పురవ్వ కూడా పెద్ద మంట అవుతుంది. అక్కడ సెంటు, అగ్గిపుల్ల, సాంబ్రాణి ఏవీ వద్దు.

సాంబ్రాణి అంటే గుర్తొచ్చింది. బాలింత జుట్టు ఆరబెట్టడానికి పొగ వేస్తారు. ఆ పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. తువ్వాలుతో తుడిచి గాలికి ఆరనిస్తే చాలు.

ఉబ్బసం ఉన్నవారికి, తలకు కుట్లు పడ్డవారికి, కేన్సరు మందులతో వాంతులవుతున్నవారికి ఏ వాసనా చల్లకండి. మిగతావారికైనా తల మీద నేరుగా కొట్టక, దువ్వెన మీద రెండుసార్లు చల్లి దువ్వండి. దువ్వే ముందు రోగిని ఒక మాట అడగండి. మీకు నచ్చిన వాసన వారికి కడుపులో తిప్పవచ్చు.