ఊరి నుంచి మనిషికా, మనిషి నుంచి ఊరికా?

నవల తెరిచిన పాఠకుడు ముందుగా అడిగేవి రెండే. ఇది ఏ ఊరు? వీళ్లెవరు? వీటికి ఏ వరసలో జవాబివ్వాలన్నదే మొదటి అధ్యాయం రాసేవాడికి పరీక్ష. తెలుగులో ఆ వరస ఎలా తిరగబడిందో జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది.

పోతన ఊరుగా తరతరాలుగా చెప్పుకునే బమ్మెర అక్కడే ఉంది. ఆయన తెలుగు చేసిన భాగవత కథ నైమిశారణ్యంలో శౌనకాది మునుల ప్రశ్నలతో మొదలవుతుంది. అంతకుముందే అవతారికలో పోతన తన రాత్రి ఒకటి చూపించాడు. పున్నమి, చంద్రగ్రహణం, గంగలో స్నానం, ఇసుకతిన్నె. శివుణ్ని ధ్యానిస్తూ కూర్చుంటే ఎదురుగా రాముడు కనిపించాడు. కాలం, చోటు, మనిషి ఒక్క దృశ్యంలో ఒదిగిపోయాయి. ఇంతకన్నా గొప్ప ప్రారంభం నాకు తెలియదు.

నవల వచ్చేసరికి మనవాళ్లు కావ్యాల పురవర్ణననే పట్టుకున్నారు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకమైంది. గోదావరి పుట్టిన చోటు నుంచి బయల్దేరి, నది వెంట ధవళగిరికి వచ్చి, కొండనూ గుడినీ చూపించాకే రాజశేఖరుడి దగ్గరికి తీసుకెళ్తుంది. ముందు ఊరు, తర్వాత మనిషి.

ఈ వరసను తలకిందులు చేసినవాడు బమ్మెర ఉన్న మండలంలోనే, వావిలాలలో 1941లో పుట్టాడు. ఆయన దొంగరి మల్లయ్య, మనకు నవీన్. 1969 నాటి ‘అంపశయ్య’లో కథ అంతా ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’లో డబ్లిన్ నగరపు ఒక్క రోజును నడిపిన చైతన్యస్రవంతి పద్ధతే ఇక్కడా కనిపిస్తుంది. రచయిత రవిని మనకు పరిచయం చెయ్యడు, అతని తలలోకి నేరుగా దింపేస్తాడు. డబ్బు దిగులు, చదువు భయం, వదిలొచ్చిన పల్లె అన్నీ ఆ ఆలోచనల్లోంచే తెలుస్తాయి. ఇక్కడ ఊరు మనిషి లోపలి నుంచి వస్తుంది. ఆ పుస్తకం పేరే ఆయన ఇంటిపేరైపోయింది.

అయితే ఈ పద్ధతి అన్ని కథలకూ సరిపోదు. తరాల చరిత్ర చెప్పడానికి ఆయనే ‘కాలరేఖలు’లో వెడల్పాటి దారి పట్టాడు. 2004లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే వచ్చింది.

ఈ నేల చరిత్రలో పెద్ద ఘట్టమైన తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసేవాళ్లకూ ఇదే చిక్కు. విసునూరు దొర కోట, అంటే గడీ పేరు, పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన 1946 జులై 4 తేదీ మొదటి పేజీలో వేస్తే రంగం సిద్ధమైందనుకుంటారు. జనగామవాళ్లకు అది చాలు. కర్నూలు పాఠకుడికి, కాలిఫోర్నియా పాఠకుడికి చాలదు. గడీ ఎత్తు ఎంతో చెప్పినంత మాత్రాన భయం పుట్టదు. దొరను ఎదిరించిన పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలు చేనులో పంట కోతకొచ్చింది. ఆ వడ్లు ఆమె ఇంటికి చేరతాయా, గడీకి పోతాయా? ఈ ప్రశ్నతో మొదలుపెడితే దొర, అతన్ని ఎదిరించిన సంఘం, ఊరు, భూమి విడివిడిగా పరిచయం అక్కర్లేకుండానే పాఠకుడి ముందుకొస్తాయి.

ఈ నేల మీద నవల రాయబోతున్న జనగామ యువకులారా, మీ మొదటి అధ్యాయంలో ముందుగా ఊరి వర్ణన కొట్టేయండి. ఎవరికి ఏది దక్కకుండా పోతోందో అక్కడ రాయండి.